తొమ్మిది వేల యేండ్లనాటి వాన: లెక్కయు, సాక్ష్యమును

వాన రాకడ, ప్రాణము పోకడ ఎవ్వరికి తెలియునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో నిరాశకంటె అనుభవమే యెక్కువగా నున్నది. మెట్టపొలములో విత్తనము చల్లి ఆకాశమువంక చూచుచు కూర్చుండు రైతునకు రేపటి వానయే తెలియదు. అట్టిచో నూరేండ్ల తరువాతి వానను గూర్చి యెవరైన చెప్పబూనినచో, వారి మాటకు ఆధారమేమని యడుగుట న్యాయమే. నేటి శాస్త్రజ్ఞులు అట్టి మాటనే చెప్పుచున్నారు. వారు కంప్యూటరులలో భూగోళమునకు గణిత నమూనాలను నిర్మించి, గాలిలో బొగ్గుపులుసు వాయువు ఇంత పెరిగినచో వేడి యింత హెచ్చుననియు, నైరుతి ఋతుపవనము ఈ విధముగా మారుననియు లెక్కగట్టుచున్నారు. ఈ లెక్కను నమ్మవచ్చునా? రాబోవు కాలమును ముందుగా చూచి సరిపోల్చుకొను వీలు ఎవరికిని లేదు. కాని గడచిన కాలము మన వెనుక నున్నది. ఆ కాలపు వానలు సరస్సుల అడుగు మట్టిలోను, సముద్రగర్భములోను తమ జాడలను విడిచి పోయినవి. ఏ నమూనా రేపటి వానను చెప్పుచున్నదో, ఆ నమూనా చేతనే తొమ్మిది వేల యేండ్లనాటి వానను చెప్పించి, మట్టి చెప్పు సాక్ష్యముతో సరిచూచుట యొక పరీక్ష. ఈ పరీక్ష చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము. ఈ సరిపోల్చుటలో లెక్కయు సాక్ష్యమును ఏకీభవించినప్పటికంటె, విభేదించినప్పుడే మానవునకు అధిక జ్ఞానము కలిగెనని చూపుటయే దీని యుద్దేశము.

పరీక్ష యేల?

ఇటీవలి నూరేండ్ల వాతావరణ లెక్కలున్నవి కదా, వానితో సరిచూచిన చాలదా యని కొందరు అడుగవచ్చును. దీనికి మన దేశచరిత్రయే సమాధానము చెప్పగలదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడెను. మరుసటి యేడు ప్రారంభమై 1878 వరకు దక్షిణాపథమును పీడించిన క్షామమును మనవారు ధాత కరువని చెప్పుకొందురు. ఆ విపత్తు తరువాత వానను ముందుగా చెప్పగల విద్య కావలెనను కోరిక ప్రభుత్వమునకు బలముగా కలిగెను. శాఖకు ప్రథమాధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫోర్డు, హిమాలయములపై మంచు అధికముగా పడిన యేడు వర్షములు తగ్గునని గమనించి, ఆ సూత్రమును ఆధారము చేసికొని 1880 తరువాతి సంవత్సరములలో వర్ష సూచనలు వెలువరించెను. ఆ సంబంధము కొంతకాలము బాగుగనే యుండెను గాని తరువాతి దశాబ్దములలో నిలుకడగా లేకపోయెను. 1904లో శాఖాధిపత్యమును వహించిన గిల్బర్టు వాకరు గొప్ప గణితవేత్త. ఆయన ప్రపంచమందలి వాతావరణ పీడనముల పట్టికలను పోల్చి, పసిఫిక్ సముద్రమునకును హిందూ మహాసముద్రమునకును నడుమ త్రాసు సిబ్బెలవలె పీడనము ఊగులాడుచుండుటను గుర్తించెను. అది నేటికిని నిలిచియున్న సత్యము. అయినను వర్ష సూచనకై ఆయన కూర్చిన సూత్రములలో పెక్కు కాలక్రమమున పట్టు సడలినవి.

తెలిసిన సంవత్సరములకు సరిపోవు సూత్రము తెలియని సంవత్సరములకు సరిపోవునన్న నమ్మకము లేదని దీనివలన తెలియుచున్నది. నేటి గణిత నమూనాలు వాకరు సూత్రములవంటివి కావు. అవి గాలి, నీరు, వేడిమి యను వాని భౌతిక నియమములమీద నిలిచినవి. అయినను మేఘములవంటి సూక్ష్మ విషయములలో వానికిని కొన్ని అంచనాలు తప్పవు. ఆ అంచనాలు ఇటీవలి నూట యేబది యేండ్ల పరిశీలనలను కన్నులయెదుట నుంచుకొని దిద్దబడినవి. విద్యార్థి ముందే చూచిన ప్రశ్నలను మరల పరీక్షలో ఇచ్చిన అతని బుద్ధిబలము తెలియదు. అతడెన్నడు చూడని ప్రశ్న కావలెను. అట్టి ప్రశ్న దూరగతమునుండియే రావలెను.

మట్టి చెప్పు సాక్ష్యము

రాజస్థానములో సాంభర్, డీడ్వానా, లూంకరణ్‌సర్ అను ఉప్పు సరస్సులు కలవు. లక్నోలోని బీర్బల్ సాహ్నీ పురావృక్షశాస్త్ర సంస్థలో పనిచేసిన గుర్‌దీప్ సింగ్ యను శాస్త్రజ్ఞుడు, తన సహచరులతో కూడి ఈ సరస్సులయు పుష్కర సరస్సుయొక్కయు అడుగు మట్టిని పొరలు పొరలుగా పరీక్షించెను. మొక్కల పుప్పొడి గాలికి ఎగిరి నీటిలోపడి అడుగునకు చేరును. పుప్పొడి రేణువు పైపెంకు మిక్కిలి గట్టిది. వేల యేండ్లు గడచినను కుళ్లదు. ఏ పొరలో ఏ మొక్కల పుప్పొడి యున్నదో సూక్ష్మదర్శినితో లెక్కించి, ఆ పొర వయస్సును రేడియో కార్బన్ పద్ధతిచేత నిర్ణయించినచో, ఆనాడు ఆ చుట్టుపట్ల పెరిగిన వృక్షసంతతి మన కన్నులకు కట్టును. 1971లోను 1974లోను సింగ్ ప్రభృతులు ప్రకటించిన ఫలితముల ప్రకారము, నేడు ఇసుకతిన్నెలు తప్ప మరేమియు కానరాని ఆ ప్రాంతమున ఒకప్పుడు మంచినీటి సరస్సులుండెను, గడ్డి పెరిగెను, నేటికంటె ఎక్కువ వాన కురిసెను.

సముద్రపు అడుగు ఇంకొక గ్రంథభాండారము. ఫొరామినిఫెరా యను సూక్ష్మజీవుల గవ్వలు కోట్లకొలదిగా అడుగునపడి పేరుకొనును. ఏ జాతి జీవి చల్లని నీటిలో బ్రతుకును, ఏది వెచ్చని నీటిలో బ్రతుకును అను దానినిబట్టి ఆనాటి సముద్రపు వేడిమిని ఊహింపవచ్చును. గవ్వలోని ప్రాణవాయువు యొక్క భారమైన, తేలికయైన పరమాణువుల నిష్పత్తినిబట్టి భూమిమీద ఎంత మంచు పేరుకొని యుండెనో తెలిసికొనవచ్చును.

అయితే ఈ సాక్షికి ఒక స్వభావమున్నది. మట్టి ఎప్పుడును "ఇంత వాన కురిసెను" అని చెప్పదు. "ఈ పుప్పొడి నాలో నున్నది" అని మాత్రమే చెప్పును. పుప్పొడినుండి వానకు పోవుటకు నడుమ మానవుని ఊహ యొకటి కావలెను. ఆ ఊహలో పొరపాటునకు తావున్నది. ఈ విషయము ముందు మనకు పనికివచ్చును.

లెక్క చెప్పు సాక్ష్యము

రెండవ సాక్షి గణితము. మన పంచాంగకర్తలకు అయన చలనము క్రొత్త విషయము కాదు. విషువత్తులు నక్షత్రముల నడుమ మెల్లగా జరుగుచుండునని వారెరుగుదురు. ఈ చలనమునకు తోడు భూకక్ష్యయు మెల్లగా తిరుగుచుండుట వలన, భూమి సూర్యునికి మిక్కిలి సమీపముగా వచ్చు దినము సుమారు 21,000 ఏండ్లకొకమారు ఋతువులన్నింటిని చుట్టివచ్చును. నేడది జనవరి మొదటి దినములలో వచ్చుచున్నది. తొమ్మిది వేల యేండ్ల క్రిందట అది జూలై నెలాఖరున వచ్చుచుండెను. అనగా ఉత్తరార్ధగోళపు వేసవికాలముననే భూమి సూర్యునికి దగ్గరగా నుండెనన్నమాట. భూమి యిరుసు వాలు కూడ నేటి 23.4 డిగ్రీలకు మారు 24.2 డిగ్రీలు ఉండెను.

ఇట్టి మార్పులకును మంచుయుగములకును సంబంధము కలదని స్కాట్లండు దేశీయుడు జేమ్స్ క్రాల్ 1864లోనే ప్రతిపాదించెను. ఈతడు పాఠశాల చదువు ఎక్కువగా లేనివాడు. గ్లాస్గోలో ఒక కళాశాల మ్యూజియమునకు కావలివాడుగా నుండి, అక్కడి గ్రంథములను చదివి పండితుడైనవాడు. సెర్బియా దేశపు గణితవేత్త మిలూటిన్ మిలాంకోవిచ్ ఈ లెక్కను సంపూర్ణము చేసెను. ప్రథమ ప్రపంచ యుద్ధములో ఆస్ట్రియా ప్రభుత్వమునకు బందీయై, బుడాపెస్టులో నిర్బంధములోనుండియు ఆయన తన గణితమును విడువలేదు. ఆయన మహాగ్రంథము 1941లో వెలువడెను. భూమిపై ఏ అక్షాంశమున, ఏ యుగమున, ఏ ఋతువున ఎంత ఎండ పడెనో అందు లెక్కగట్టబడినది. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు హిందూ మహాసముద్రపు దక్షిణభాగమున తీసిన అడుగు మట్టిలో ఆ లెక్కల ఆవృత్తులనే కనుగొని, మంచుయుగముల రాకపోకలకు భూకక్ష్యయే తాళము వేయుచున్నదని నిరూపించిరి.

కాని ఎండ లెక్క వేరు, వాన లెక్క వేరు. ఎండ తెలిసిన తరువాత గాలి యెటు వీచును, మేఘమెక్కడ కట్టును, వాన ఎంత కురియును అనునది చెప్పవలెనన్న వాయుమండలము నంతటిని గణితములోనికి దింపవలెను. మిలాంకోవిచ్ నిర్బంధములోనున్న ఆ యుద్ధకాలముననే, ఫ్రాన్సు రణభూమిలో క్షతగాత్రులను మోయు దళములో పనిచేయుచు, లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు ఈ సాహసమునకు పూనుకొనెను. 1910 మే 20వ తేదీనాటి వాతావరణమును ఆరుగంటల ముందునకు చేతితో లెక్కగట్టగా, పీడనము 145 మిల్లీబారులు పెరుగునని ఫలితము వచ్చెను. నిజమునకు ఆనాడు పీడనము కదలనేలేదు. ఆయన ఈ వైఫల్యమును దాచక 1922లో తన గ్రంథమున ప్రకటించెను. 1950లో ఎనియాక్ అను కంప్యూటరుపై చార్నీ, ఫ్యోర్‌టోఫ్ట్, వాన్ నాయ్‌మన్ అను వారలు ఆ కలను నిజము చేసిరి. తరువాత జపానులో పుట్టి అమెరికాలో పనిచేసిన స్యూకురో మనాబే, బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో భూమి వేడిమి యెంత పెరుగునో 1967లో వెదరాల్డుతో కూడి లెక్కగట్టెను. ఆయనకు 2021లో నోబెల్ బహుమానము లభించినది.

మొదటి ముఖాముఖి: మంచుయుగము

ఈ యిద్దరు సాక్షులు ఎదురుబొదురుగా నిలిచిన తొలి ఘట్టము 1976 మార్చి నెలలో వచ్చినది. క్లైమాప్ అను పేర పలువురు శాస్త్రజ్ఞులు కలిసి సముద్రపు అడుగు గవ్వలను పరీక్షించి, మంచుయుగము మిక్కిలి ముదిరిన కాలమున ప్రపంచ సముద్రముల వేడిమి యెంతయో తెలుపు పటమును తయారు చేసిరి. "సైన్స్" పత్రిక యొక్క అదే సంచికలో లారెన్స్ గేట్స్ ఆ పటమును తన గణిత నమూనాకు ఆధారముగా నిచ్చి, ఆనాటి జూలై నెల వాతావరణమును లెక్కగట్టి చూపెను. మంచు కప్పని భూభాగములు నేటికంటె చల్లగాను, పొడిగాను ఉండెనని లెక్క చెప్పెను. మరుసటి సంవత్సరము మనాబే, హాన్ అను వారలు చేసిన లెక్కలో దక్షిణాసియా ఋతుపవనము మంచుయుగములో క్షీణించెనని తేలెను. 1982లో డ్యుప్లెసీ హిందూ మహాసముద్రపు ఉత్తరభాగమునుండి తెచ్చిన సాక్ష్యము దానిని సమర్థించెను. ఇంతవరకు అంతయు అనుకూలముగనే యున్నది.

చిక్కు ఉష్ణమండలములో వచ్చినది. మంచుయుగమున ఉష్ణమండల సముద్రములు ఇంచుమించు నేటివలెనే వెచ్చగా నుండెననియు, కొన్నిచోట్ల నేటికంటె వెచ్చగా నుండెననియు క్లైమాప్ పటము చెప్పెను. కాని న్యూ గినీ, తూర్పు ఆఫ్రికా, కొలంబియా, హవాయి పర్వతములపై మంచురేఖ ఆనాడు సుమారు ఒక కిలోమీటరు క్రిందికి దిగి యుండెనని కొండలమీది ఆనవాళ్లు చెప్పుచున్నవి. సముద్రము వెచ్చగా నుండగా ప్రక్కనున్న కొండ అంతగా చల్లబడుట యెట్లు? 1985లో డేవిడ్ రిండ్, డొరతీ పీటీట్ అను వారలు ఈ ప్రశ్నను గణిత నమూనా ముందు పెట్టిరి. క్లైమాప్ పటమును నమ్మినచో కొండల మంచు దిగదని నమూనా చెప్పెను. సముద్రమును అంతటను మరి రెండు డిగ్రీలు చల్లబరచినగాని సాక్ష్యములు సరిపడుటకు దారి దొరకలేదు. అనగా ఇక్కడ లెక్క తప్పు కాదు; సాక్ష్యమును చదివిన తీరులోనే లోపమున్నది. 1994లో బార్బడోస్ దీవి పగడములు ఆ సముద్రము 5 డిగ్రీలు చల్లగా నుండెనని చెప్పెను. తరువాతి పరిశీలనలు ఉష్ణమండలమంతటను అంత హెచ్చుగా చల్లదనము లేదని తేల్చినను, క్లైమాప్ పటము నేడు మారినది. గణితమే మట్టిసాక్షిని అడ్డప్రశ్నవేసి నిలదీసిన సందర్భమిది.

అడ్డప్రశ్న కాలగణనను కూడ విడువలేదు. క్లైమాప్ వారు ఆ మంచుయుగమును 18,000 ఏండ్ల నాటిదనిరి. అవి రేడియో కార్బన్ యేండ్లు. 1990లో బార్బడోస్ పగడములను యురేనియము, థోరియము పద్ధతిచే పరీక్షింపగా, అవి వాస్తవమునకు సుమారు 21,000 పంచాంగపు టేండ్లని తేలినది. మిలాంకోవిచ్ లెక్క పంచాంగపు టేండ్లలో నడచును గనుక, ఈ మూడు వేల యేండ్ల తేడాను గమనింపనిచో ఒక కాలపు ఎండను వేరొక కాలపు మట్టితో పోల్చినట్లగును.

రెండవ ముఖాముఖి: ఋతుపవనము

1981లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ కుట్జ్‌బాక్ చేసిన ప్రయోగము చూచుటకు మిక్కిలి సులభము. ఆయన సముద్రములను నేటివలెనే యుంచెను. తొమ్మిది వేల యేండ్ల క్రిందటి భూకక్ష్యను మాత్రము నమూనాకు ఇచ్చెను. అప్పుడు ఉత్తరార్ధగోళమున వేసవి సూర్యరశ్మి నేటికంటె సుమారు 7 శాతము అధికము. భూభాగము సముద్రముకంటె త్వరగా వేడెక్కును. వేడెక్కిన భూమిపై పీడనము తగ్గును. సముద్రమునుండి తడిగాలి లోనికి దూసికొని వచ్చును. ఋతుపవనమునకు మూలమిదియే. ఎండ పెరిగినందున ఈ యంత్రము బలముగా తిరిగి, భారతదేశమునను ఆఫ్రికాలోను వానలు పెరిగెనని లెక్క చెప్పెను.

ఈ లెక్కకు రాజస్థాన సరస్సులు సాక్షులుగా నిలిచినవి. ఆఫ్రికా సరస్సులు మరింత గట్టిగా నిలిచినవి. 1985లో కుట్జ్‌బాక్, ఆలీన్ స్ట్రీట్-పెరాట్ అను వారలు ఉష్ణమండల సరస్సుల నీటిమట్టములను గడచిన 18,000 ఏండ్లకు వరుసగా కూర్చి, లెక్కతో పోల్చగా రెండును ఒకే తీరున పెరిగి తగ్గినవి. 1987లో వారెన్ ప్రెల్ అరేబియా సముద్రపు మట్టిని తెచ్చెను. నైరుతిగాలి బలముగా వీచినప్పుడు అరేబియా తీరమున అడుగునుండి చల్లని నీరు పైకి ఉబికివచ్చును. ఆ నీటిలో ఒకజాతి ఫొరామినిఫెరా విస్తారముగా పెరుగును. ఆ జీవుల హెచ్చుతగ్గులు 1,50,000 ఏండ్లపాటు భూకక్ష్య లెక్కతో చేయికలిపి నడచినవి. ఏ మానవుడును చూడని వానను కాగితముపై లెక్కగట్టి, దాని తడిని మట్టిలో వెదకి పట్టుకొనుట విజ్ఞానచరిత్రలో ఒక అపురూప ఘట్టము.

సహారా అడిగిన ప్రశ్న

అయినను విజయము సంపూర్ణము కాలేదు. 1850లో జర్మను యాత్రికుడు హైన్రిఖ్ బార్త్, సహారా ఎడారిలోని ఫెజ్జాన్ ప్రాంతమున రాళ్లమీద చెక్కిన పశువుల బొమ్మలను చూచి, ఇవి వేరొక కాలపు జీవితమునకు గుర్తులని గ్రహించెను. నేడు ఎడారియైన ఆ భూమిపై ఆరు వేల యేండ్ల క్రిందటివరకు గడ్డి పెరిగెను, మందలు మేసెను. చాడ్ సరస్సు అప్పుడు సుమారు 3,50,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని యుండెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును కలిపినను అంత వైశాల్యము లేదు.

1991లో ప్రారంభమైన అంతర్జాతీయ ప్రయత్నమొకటి పలుదేశముల గణిత నమూనాలకు ఒకే ప్రశ్నపత్రము నిచ్చెను: ఆరు వేల యేండ్లనాటి వానను చెప్పుడు. 1999లో 18 నమూనాల సమాధానములు ప్రకటింపబడెను. ఋతుపవనము పెరిగెనని అన్నియు ఏకకంఠముగా చెప్పినవి. కాని సహారా మధ్యభాగమున గడ్డి మొలచుటకు చాలినంత వానను ఏదియు కురిపింపలేకపోయినది. ఏటా మరి 100 మిల్లీమీటర్లకు పైగా వాన లోటుపడినది. ఇక్కడ మట్టి గెలిచి గణితము ఓడినది. లోపమెక్కడ? నమూనాలు ఎడారిని ఎడారిగనే యుంచినవి. వాన కొంచెము పెరిగిన గడ్డి మొలచును. గడ్డి మొలచిన నేల ఇసుకకంటె ఎక్కువ ఎండను పీల్చుకొనును, తేమను గాలికి తిరిగి ఇచ్చును. దానివలన వాన మరికొంత పెరుగును. సరస్సులును, గాలిలోని ధూళి తగ్గుటయు ఇట్లే తోడ్పడును. వృక్షసంతతిని నమూనాలో చేర్చిన తరువాత వాన పెరిగినది. అయినను 2020లో ప్రకటింపబడిన నూతన నమూనాల ఫలితములలో సైతము ఆ లోటు పూర్తిగా తీరలేదు. భూమికి ఒక చిన్న ప్రేరణ కలిగినప్పుడు అది మన లెక్కలకంటె పెద్ద మార్పుతో స్పందింపగలదని సహారా హెచ్చరించుచున్నది. ఋతుపవనముపై ఆధారపడిన మనదేశమునకు ఈ హెచ్చరిక పరాయిది కాదు.

ఒక్క సరస్సు మాట

ఇక రాజస్థానమునకు తిరిగివచ్చెదము. గుర్‌దీప్ సింగ్ తన ఫలితములను సింధు నాగరికతకు అన్వయించి, వానలు సమృద్ధిగా నున్న కాలమున ఆ నగరములు వర్ధిల్లెననియు, వానలు తగ్గుటతో క్షీణించెననియు భావించెను. ఈ భావన చరిత్రకారులను చాల ఆకర్షించినది. కాని 1999లో ఎంజెల్ ప్రభృతులు లూంకరణ్‌సర్ మట్టిని మరింత సూక్ష్మముగా కాలనిర్ణయము చేసి వేరొక కథ చెప్పిరి. ఆ సరస్సు రేడియో కార్బన్ లెక్కలో 6,300 ఏండ్ల క్రిందట నిండి, 4,800 ఏండ్ల క్రిందటనే పూర్తిగా ఎండిపోయెను. హరప్పా నగరములు అటుపిమ్మట సుమారు వేయి యేండ్లకు, పొడికాలములోనే వర్ధిల్లినవి. మరియు కుట్జ్‌బాక్ లెక్కలో ఋతుపవనము బలముగానున్న తొలికాలమున ఆ సరస్సు లోతులేక తరచు మారుచుండెను. 2014లో హర్యానాలోని కోట్లా దహర్ సరస్సు మట్టి మాత్రము సుమారు 4,100 ఏండ్ల క్రిందట ఋతుపవనము హఠాత్తుగా క్షీణించెనని చెప్పెను. ఒక్కొక్క సరస్సు ఒక్కొక్క మాట చెప్పును. ఏ ఒక్కదానినో పట్టుకొని ఒక నాగరికత జాతకమును వ్రాయుట తొందరపాటగును.

మన గోదావరియు ఈ సభలో సాక్షియే. 2006లో కృష్ణా గోదావరి తీరమునకు ఆవల సముద్రగర్భమును తొలిచి తీసిన మట్టిలో, నది కొట్టుకొనివచ్చిన ఆకుల మైనపు పదార్థము నిలిచియుండెను. 2012లో దానిని పరీక్షించినవారు, సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి 1,700 ఏండ్ల క్రిందటి వరకు దక్కనులో పొడినేలకు తగిన వృక్షసంతతి క్రమముగా పెరిగెనని కనుగొనిరి. వేసవి సూర్యరశ్మి తగ్గిన కొలది ఋతుపవనము తగ్గునను లెక్కకు ఇది అనుకూలముగనే యున్నది. కాని 2017లో అదే నది తెచ్చిన ఒండ్రును పరిశీలించినవారు, ఈ కాలమున నేలకోత విపరీతముగా పెరుగుటకు వ్యవసాయముచేత మారిన భూతలమును కారణముగా చూపిరి. నాగలి పట్టిన రైతు చేయియు ఆ మట్టిలో కలిసియున్నది. ఏది ఆకాశము చేసిన పని, ఏది మనిషి చేసిన పని యని వేరుచేయకయే లెక్కతో పోల్చరాదు.

గతము చెప్పిన తీర్పు

ఈ పరీక్ష భవిష్యత్తునకు ఎట్లు పనికివచ్చునో ఇటీవలి యుదాహరణ మొకటి చాలును. అమెరికా జాతీయ వాయుమండల పరిశోధన కేంద్రమువారి నూతన నమూనా నేటి వాతావరణమును చక్కగా చిత్రించెను. కాని బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో వేడిమి 5 డిగ్రీలకు పైగా పెరుగునని చెప్పెను. ఇది చాల భయంకరమైన మాట. నిజమా, కాదా? 2021లో ఆ నమూనా చేతనే మంచుయుగమును లెక్కగట్టించిరి. ఆనాడు వాయువు నేటికంటె చాల తక్కువ. పదిలక్షలకు 190 వంతులు మాత్రమే. భూమి సగటున 11 డిగ్రీలు చల్లబడెనని నమూనా చెప్పెను. మట్టి సాక్ష్యము ప్రకారము అది 5 మొదలు 7 డిగ్రీలు మాత్రమే. మేఘములలోని మంచుకణములకు సంబంధించిన లెక్కను సవరింపగా ఆ అతిశయము తగ్గినది. నేటి పరిశీలనలు పట్టుకొనలేని తప్పును మంచుయుగము పట్టి యిచ్చినది. 2021నాటి అంతర్జాతీయ శీతోష్ణస్థితి నివేదిక, ఇట్టి పూర్వకాల సాక్ష్యమును కూడ లెక్కలోనికి తీసికొనియే, ఆ పెరుగుదల 2.5 నుండి 4 డిగ్రీల నడుమ నుండవచ్చుననియు, 3 డిగ్రీలు ఉత్తమమైన అంచనాయనియు నిర్ణయించినది.

ఇందు రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది, సాక్ష్యమును కూర్చుటకే నమూనాను వాడి, మరల దానితోనే నమూనాను పరీక్షించుట తన సాక్ష్యమును తానే సమర్థించుకొనుటవంటిది. రెండవది, తొమ్మిది వేల యేండ్ల క్రిందట వాన పెరిగినది సూర్యరశ్మి ఋతువులలో పంపకమగు తీరు మారుటవలన; నేడు వేడి పెరుగుచున్నది మనము గాలిలోనికి వదలిన వాయువువలన. అది పారిశ్రామిక యుగమునకు పూర్వము పదిలక్షలకు 280 వంతులుండగా, 2024 నాటికి 420కి పైబడినది. కారణములు వేరు గనుక ఆనాటి వాన మరల వచ్చునని ఆశించుట తగదు. గతము మనకు జోస్యము చెప్పదు. జోస్యము చెప్పువానిని పరీక్షించుట మాత్రము నేర్పును.

పుణెలోని భారత ఉష్ణదేశ వాతావరణ శాస్త్ర సంస్థవారు నిర్మించిన భూగోళ నమూనా నేడు ప్రపంచ నమూనాలతో సమానముగా అంతర్జాతీయ పోలికలలో పాల్గొనుచున్నది. మన సరస్సుల మట్టి, మన గుహల సున్నపురాయి, మన నదీముఖముల ఒండ్రు ఆ నమూనాకు పరీక్షాపత్రములు. వానిని చదువు పనియు, లెక్కగట్టు పనియు రెండును మన దేశములోనే జరుగుచుండుట సంతోషకరము. కాని ఎండిన సరస్సులను పూడ్చి ఇండ్లు కట్టిన చోటను, ఉప్పుకై, ఇసుకకై త్రవ్విన చోటను ఆ గ్రంథపు పుటలు చినిగిపోవును. మరల వ్రాయువారు లేరు. రిచర్డ్‌సన్ తన తప్పు లెక్కను దాచక ప్రకటించినట్లే, మన మట్టిలోని సాక్ష్యమును చెరుపక కాపాడుట రాబోవువారికి మనము తీర్పవలసిన ఋణము. వాన రాకడ తెలియునా యని పెద్దలు అడిగిన ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానము నేటికిని లేదు. అయినను ఏ మాటను ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసికొను దారి మాత్రము ఒకటి దొరకినది. ఆ దారి లూంకరణ్‌సర్ ఉప్పు మట్టి మీదుగను, గోదావరి ఒండ్రు మీదుగను పోవుచున్నది.